రోడ్డు వాలు

కారు చూడ్డానికి మనిషి వస్తున్నాడని చెప్పి భర్త దుకాణానికి వెళ్ళగానే, కేకులావిడ మొట్టమొదట చేసిన పని వెనక సీటు మీది తువ్వాలు తీసి లోపల పడెయ్యడం.

అదొక పాత తువ్వాలు. రంగు ఏనాడో వెలిసిపోయింది. కేకు పెట్టెని సీటు మీద పెట్టేటప్పుడు ఎడమ అంచు కింద దాన్ని మడతలు వేసి దూర్చాలి. లేకపోతే అంతస్తుల కేకు చేరవలసిన చోటికి చేరేసరికి ఎడమకి ఒరిగి, క్రీమంతా పెట్టె గోడకి అంటుకుపోయి, పెళ్ళివారికి మొహం ఎలా చూపించాలో తెలిసేది కాదు. ఈ ఉపాయం ఎవరూ నేర్పింది కాదు. నాలుగు చీవాట్లు తిన్నాక తనే కనిపెట్టింది. కార్లన్నీ కాస్త ఎడమకి కూర్చుంటాయి కాబోలనుకుంది. భర్తని ఒకసారి అడిగింది కూడా. ఆయన చేతిలోని కళ్ళజోడు మీంచి తల ఎత్తకుండా, కారు కాదు, నీ కేకే వంకరేమో చూసుకోమన్నాడు.

ఆయనకి బజారులో కళ్ళద్దాల దుకాణం ఉంది. ఊళ్ళో సగం మంది ముక్కుల మీద ఉన్నవి ఆయన బిగించిన అద్దాలే. అంతటివాడు వంకర అన్నాక వంకరే అయి ఉంటుందని, ఆ తరవాత కేకు పేర్చిన ప్రతిసారీ ఆవిడ బల్ల ఎత్తుకి వంగి, ఒక కన్ను మూసి అంచు చూసుకునేది. కేకు తిన్నగానే ఉండేది. అయినా తువ్వాలు మడత పెట్టేది.

కారు పాతబడింది, అమ్మేసి ఇంకొకటి కొందామన్నాడు భర్త. ఆవిడ బకెట్టు నీళ్ళు, పాత బనీను గుడ్డ తెచ్చుకుని దాన్ని తుడవడం మొదలుపెట్టింది. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న అత్తగారు, ఇన్నాళ్ళూ లేని తలంటు ఇవాళ చేయిస్తున్నావే దానికి అంది. అమ్మేవాటికే మర్యాదలత్తయ్యా అంది కోడలు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు నవ్వుకోవడం వింతేమీ కాదు. పిండి జల్లించి పెట్టేది, గుడ్లు పగలగొట్టి పెట్టేది అత్తగారే. కేకు నచ్చిందని ఎవరైనా అంటే, మాది అనేది గాని మా కోడలిది అనేది కాదు.

తుడుస్తున్నదన్న మాటే గాని ఆవిడ మనసు హోటలు మీదుంది. ఊరికి అవతలి కొసన కొత్తగా తెరిచిన హోటలు. దాని మేనేజరమ్మ ఎవరి పుట్టినరోజులోనో ఈవిడ కేకు తిని, వెతుక్కుంటూ వచ్చింది. రోజూ మధ్యాహ్నం టీ వేళకి కేకులు కావాలంది. ఒక పూట తెచ్చి రెండు పూటలు మానేస్తే కుదరదంది. సోమవారంలోగా ఏ సంగతీ చెప్పమంది. చెయ్యడానికి చేతులున్నాయి, పొయ్యి ఉంది, అత్తగారుంది. తీసుకెళ్ళడానికే మనిషి లేడు. మధ్యాహ్నం భర్త దుకాణం వదిలి రాలేడు. రోజూ టాక్సీ అంటే వచ్చే లాభం కాస్తా దాని చక్రాల కిందే పోతుంది. తను నడిపితే ఏ గొడవా లేదు. కాని తను నడపలేదు. ఆ సంగతి చుట్టాలందరికీ తెలుసు.

ఈ కారు మీదే నేర్చుకుంది. భర్తే పక్కన కూర్చుని నేర్పాడు. బాగానే వచ్చింది. తీరా పరీక్షకి వెళితే, అక్కడ వాళ్ళ కారే నడపాలి. ఎక్కి కాస్త దూరం పోగానే అది కుడికి జరిగి గీత దాటింది. మరోసారి వెళ్ళినప్పుడూ అంతే, గీత పక్కన నిలబెట్టిన ప్లాస్టిక్ గుర్తుల్ని వరసగా పడగొట్టుకుంటూ పోయింది. ఇంటికొచ్చి, ఆ కారు ఊరికే కుడికి పోతోందండీ అని నసిగితే, ఆడలేక మద్దెల ఓడందిట వెనకటికొకావిడ అని ఇల్లంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది ఆడపడుచు భర్త. ఆయనది రంగుల వ్యాపారం. మనిషి సరదా అయినవాడు. ఆయన ఉన్నచోట నవ్వు ఉంటుంది. ఆ రోజే ఈవిడకి కుడిపక్క అని పేరు పెట్టాడు. ఆయన కూతురికి మాటలు రాగానే 'కుడిపక్క అత్త' అని పిలవడం మొదలుపెట్టింది. పిల్ల నోట ముద్దుగానే ఉండేది. ముద్దుగా ఉందని అందరూ అలాగే పిలిచారు. ఆవిడ మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు.

*

కారు చూడ్డానికొచ్చినాయన ఒకప్పటి డ్రిల్లు మాస్టారు. రిటైరైనా నడకలో ఇంకా విజిలు వినిపిస్తుంది. కారు చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు తిరిగి, తలుపులు తీసి మూసి, బాగానే ఉందమ్మా అన్నాడు. మొహమాటంగా, ఏమీ అనుకోకపోతే తనకు తెలిసిన షెడ్డులో ఒకసారి చూపించుకుంటానన్నాడు. మీరు కూడా రండి, మీ వెనకాల చూపించానన్న మాట నాకు వద్దన్నాడు. ఆవిడకి ఆ మర్యాద నచ్చింది. పొయ్యిలో ఉన్న కేకు సంగతి అత్తగారికి అప్పగించి వెనక సీట్లో కూర్చుంది.

షెడ్డు మేస్త్రి పొడుగ్గా సన్నగా ఉన్నాడు. మాట పొదుపు. ముందు బానెట్ తీస్తాడనుకుంటే, వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. షెడ్డు వెనక, గోదాముల మధ్య, మనుషులు తిరగని సిమెంటు రోడ్డుంది. దాని మీద కాస్త వేగం అందుకున్నాక రెండు చేతులూ స్టీరింగు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కారు కొంచెం దూరం బుద్ధిగా పోయింది. తరవాత ఎవరో పిలిచినట్టు ఎడమకి తిరిగింది. గోడ దగ్గరపడుతుంటే మేస్త్రి స్టీరింగు పట్టుకుని, డ్రిల్లు మాస్టారి వంక చూశాడు. తిరిగి షెడ్డుకి తోలుకొచ్చి కారుని పైకెత్తించాడు.

కింద నిలబడి కారు పొట్ట చూడడం ఆవిడకి అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ తను ఎక్కి తిరిగినదాని అడుగు ఇలా ఉంటుందా అనుకుంది. అంతా మట్టి, నూనె జిడ్డు. మేస్త్రి లైటు పట్టుకుని, ఇటు రండమ్మా అని పిలిచాడు. కుడిపక్క ముందు నుంచి వెనక్కి పోయే ఇనుప దూలం చూపించాడు. నున్నగా, సాపుగా ఉంది. ఎడమపక్క దూలం చూపించాడు. దాని మీద సుత్తి దెబ్బలు గుంటలు గుంటలుగా ఉన్నాయి. మధ్యలో ఒకచోట లావుపాటి అతుకు. ఆ అతుకు మీద దళసరిగా నల్లరంగు. లోపల్లోపల ఆ రంగు పొరలు లేచి తుప్పు పట్టింది.

"ఎడమ ముందు భాగం దేనికో గట్టిగా గుద్దారమ్మా. వంగిన దూలాన్ని సాగగొట్టి, అతికించి, పైన రంగు కొట్టారు. పని బాగానే చేశారు గానీ తిన్నగా రాలేదు. అందుకే ఆ పక్క కాస్త దిగి ఉంటుంది. మీ దగ్గరికొచ్చాక ఎక్కడైనా గుద్దారా?"

గుద్దలేదంది. ఆ మాట నిజం. చిన్న గీత పడినా భర్త అన్నం మానేసే రకం.

"అయితే అంతకు ముందుదే. ఈ తుప్పు నిన్న మొన్నటిది కాదు. ఎడమ టైరు తొందరగా అరిగిపోతుండాలే?"

అరిగేది. అరిగినప్పుడల్లా భర్త రోడ్డు మీది గుంతల్ని తిట్టి కొత్తది వేయించేవాడు. ఎవరి దగ్గర కొన్నారని మేస్త్రి అడిగాడు. కొత్తగా కొన్నది మా ఆడపడుచు భర్త, ఆయన దగ్గర మేం కొన్నామని చెప్పింది. చెబుతుండగానే ఆ మాటకి అర్థమేమిటో ఆవిడకే తెలిసింది. సొంత బావ కారని, కళ్ళు మూసుకుని కొనొచ్చని అన్నాడు భర్త. ఆ కళ్ళద్దాలాయన తన బతుకులో కళ్ళు మూసుకుని కొన్న వస్తువు అదొక్కటే.

డ్రిల్లు మాస్టారు తనేదో తప్పు చేసినట్టు నలిగిపోతున్నాడు. మనవలు ఎక్కే బండి కదా అని చూపించానమ్మా, మీరు కావాలని దాచారని అనను, ఇంట్లో అడిగి చెబుతానని ఏదేదో అంటున్నాడు. ఆ అడిగి చెప్పడం ఎలాంటిదో అందరికీ తెలిసిందే. ఆవిడ వినడం లేదు. పైన వేలాడుతున్న ఎడమ చక్రం వంకే చూస్తోంది.

"మేస్త్రీ, ఒక మాట. ఇలా ఎడమకి లాగే కారు మీదే నేర్చుకున్న మనిషిని తీసుకెళ్ళి, తిన్నగా పోయే కారు ఎక్కిస్తే ఏమవుతుంది?"

మేస్త్రికి ఆ ప్రశ్న ఎందుకో అర్థం కాలేదు. అయినా చెప్పాడు. "కుడికి పోతారు. ఇది ఎడమకి లాగుతుంటే మనకి తెలీకుండానే చెయ్యి కుడికి పట్టి ఉంచుతుంది కదమ్మా. చేతికి అలవాటైపోతుంది. తిన్నగా ఉన్న బండిని కూడా అలాగే పడతారు. తప్పు చేతిది కాదు."

పక్కన పాత టైర్లు పేర్చి ఉంటే ఆవిడ వెళ్ళి వాటి మీద కూర్చుంది. తరవాత నవ్వు వచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. బేరం చెడిపోయి, కారు రేటు సగానికి పడిపోయిన మనిషి ఇలా నవ్వుతుందేమిటా అని డ్రిల్లు మాస్టారు భయపడి, మంచినీళ్ళు తెప్పించాడు.

*

సాయంత్రం భర్త వచ్చి చెప్పులు విడవకముందే ఆవిడ సంగతంతా చెప్పింది. ఆయన నెమ్మదిగా విని, కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుని, షెడ్డువాళ్ళు రేటు తగ్గించడానికి సవాలక్ష చెబుతారన్నాడు. దూలం చూశానంది. దూలాలకి అతుకులుంటాయన్నాడు. ఎడమకి పోవడం కూడా చూశానంది.

"రోడ్డు వాలే, రోడ్డు వాలు! వాన నీళ్ళు పోవడానికి రోడ్లన్నీ పక్కకి వాలుగానే వేస్తారు. ఏ కారైనా ఆ పక్కకే లాగుతుంది. నీకు నేర్పేటప్పుడు ఇదంతా చెప్పానా లేదా?"

చెప్పాడు. చెయ్యి కాస్త కుడికి పట్టి ఉంచు, రోడ్డు వాలు అని నేర్పిందే ఆయన. ఆవిడ టీ ఇచ్చింది. ఆయన తాగాక, ఎగ్జిబిషన్ మైదానం దాకా ఒకసారి పోయి వద్దాం పదండి అంది. చూసిరారా, నీ సొమ్మేం పోతుందని అత్తగారు కూడా అంది.

ఎగ్జిబిషన్లు లేనప్పుడు ఆ మైదానంలో కాకులు తప్ప ఎవరూ ఉండరు. నేలంతా సిమెంటు. ఆవిడ చెప్పినట్టే ఆయన కారుని మధ్యగా తోలి, స్టీరింగు వదిలేశాడు. కారు ఎడమకి పోయింది. అటు టిక్కెట్ల గదులున్నాయి.

"చూశావా, ఇక్కడా వాలే. టిక్కెట్ల గదుల వైపు వాలుంది," అన్నాడాయన.

"సరే. ఇప్పుడు ఆ చివర తిప్పి, ఇటునుంచి రండి. వాలు టిక్కెట్ల గదుల వైపుంటే, ఇప్పుడు కుడికి పోవాలి కదా."

ఆయన చివరిదాకా పోయి కారు తిప్పాడు. తిన్నగా పెట్టి, వేగం అందుకున్నాక చేతులు తీశాడు. ఇప్పుడు టిక్కెట్ల గదులు కుడిచేతి వైపున్నాయి. కారు వాటి మొహం కూడా చూడకుండా ఎడమకి, గేటు వైపుకి మళ్ళింది. ఆయన బ్రేకు వేశాడు. మళ్ళీ మొదటికి పోయి మరోసారి చేశాడు. ఈసారి కూడా అంతే. ఇంజను ఆపేసి, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని చూసుకున్నాడు. కుడిచెయ్యి కిందికి లాగి ఉంది. ఇన్నేళ్ళుగా ఆ చెయ్యి అలాగే ఉంటోందని ఆయనకి అప్పుడే తెలిసింది.

అద్దాల పని చేసే మనిషి కనుక, తప్పు ఎక్కడుందో తెలిశాక దాన్ని కాదనడం ఆయనకి చేతకాదు.

"నిన్ను చాలా మాటలన్నాను," అన్నాడు.

పోనీలెండి అనాలని నోటిదాకా వచ్చింది. అలవాటైన మాట. ఆవిడ దాన్ని మింగేసింది.

"అన్నారు," అంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన బావగారి ప్రసక్తి తెచ్చాడు. బావకి తెలిసి ఉండదన్నాడు. డ్రైవరెవరో గుద్ది ఉంటాడన్నాడు. మళ్ళీ తనే, బావకి డ్రైవరెక్కడున్నాడు అనుకున్నాడు. నేనే అడుగుతానులే, నువ్వు కలగజేసుకోకు, అక్క సంసారం అన్నాడు. గొడవ పడనండీ అందావిడ. అడుగుతాను, అంతే. కారు అమ్మింది మీకు గాని పేరు పెట్టింది నాకు కదా.

*

ఆదివారం ఆడపడుచు కూతురి పుట్టినరోజు. పిల్ల సముద్రం కేకు కావాలంది. ఈవిడ శనివారమంతా కూర్చుని రెండంతస్తుల సముద్రం చేసింది. నీలం రంగు క్రీముని కత్తి అంచుతో లాగి అలలు తీసింది. చక్కెర ముద్దతో చేపలు చేసి, వాటికి అత్తగారి చేత కళ్ళు పెట్టించింది. అత్తగారికి చెయ్యి వణికి ఒక చేపకి మెల్లకన్ను వచ్చింది. దాన్ని అబ్బాయి దుకాణానికి పంపిద్దామంది ముసలావిడ. ఆ చేపనే అన్నిటికంటే పైన పెట్టారు.

కేకుని ఆ కారులో పెట్టడానికి ఈవిడ ఒప్పుకోలేదు. టాక్సీ పిలిపించింది. పెట్టెని సీటు మీద పెట్టి, పక్కనే కూర్చుని, కింద ఏమీ దూర్చకుండా చేతులు ఒళ్ళో పెట్టుకుంది. భర్త ముందు సీట్లోంచి రెండు మూడుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ఆడపడుచు ఇంటి ముందు దిగి మూత తీసి చూస్తే, సముద్రం ఎక్కడిదక్కడే ఉంది. మెల్లకన్ను చేప ఆకాశంలోకి చూస్తోంది.

కారేదీ చెల్లెమ్మా, అప్పుడే అమ్మేశారా అంటూ రంగులాయన ఎదురొచ్చాడు. అమ్మలేదన్నయ్యగారూ, చూపించాం అంది. షెడ్డులో పైకెత్తి చూపించాం అని కూడా అంది. ఆయన నవ్వు మొహం మీద ఉండగానే కళ్ళలోంచి పోయింది. పళ్ళేలు తెస్తానని తేలు కుట్టిన దొంగలా వంటింట్లోకి వెళ్ళిపోయాడు. కత్తి కావాలని ఆవిడా వెనకాలే వెళ్ళింది.

వంటింట్లో ఎవరూ లేరు. ముందు గదిలోంచి పిల్లల గోల వినిపిస్తోంది. ఆయన పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పెడుతున్నాడు. అవి గలగలమంటున్నాయి.

"ఎక్కడ గుద్దారన్నయ్యగారూ?" అంది కేకు కత్తి అందుకుంటూ, నెమ్మదిగా.

ఆయన దబాయిస్తాడనుకుంది. లేదు. పళ్ళేలు గట్టు మీద పెట్టేశాడు.

"వంతెన పిట్టగోడకి. ఫోను మాట్లాడుతూ నడుపుతున్నాను. మీ ఆడపడుచు అప్పటికే రోజూ మొత్తుకుంటోంది, ఆ ఫోనుతో ఎప్పుడో కొంప ముంచుతారని. చెప్పడానికి మొహం లేక, సర్వీసుకిచ్చానన్నాను. రంగు దగ్గరుండి నేనే వేయించాను. వేశాక చూస్తే నాకే ఏమీ తెలీలేదు. బాగైపోయిందనే అనుకున్నా. మీ ఆయనకి అమ్మింది కూడా అలా అనుకునే."

"అది సరే. నేను పరీక్ష తప్పి వచ్చి, కారు కుడికి పోతోందన్నానే. అప్పుడు?"

ఆయన గట్టు మీంచి ఒక పళ్ళెం తీసి తుడిచాడు. తుడిచిన పళ్ళేన్నే మళ్ళీ తుడిచాడు.

"అప్పుడు తెలిసింది," అన్నాడు. "నేను నడిపేటప్పుడూ అది ఎడమకి లాగేది కదా. నువ్వా మాట అనగానే గుండె ఝల్లుమంది. అందుకే గట్టిగా నవ్వాను. పేరు కూడా అందుకే పెట్టాను, చెల్లెమ్మా. అందరూ నీ చెయ్యి చూస్తుంటే కారు వంక ఎవరూ చూడరని."

ఆవిడకి ఇన్నేళ్ళూ, ఏ పెళ్ళిలో ఏ పేరంటంలో ఎవరు కుడిపక్క అని పిలిచినా, పలుకుతూ నవ్విన నవ్వులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది. చేతిలో కేకు కత్తి ఉందని గమనించి, దాన్ని జాగ్రత్తగా గట్టు మీద పెట్టింది. ఎదురుగా ఉన్న మనిషి మెడ వంచుకుని నిలబడ్డాడు. ఆయన్ని నవ్వు లేకుండా చూడడం ఆవిడకి అదే మొదలు. నవ్వు తీసేస్తే ముసలివాడైపోతున్నట్టున్నాడు.

"కారు నేను వెనక్కి తీసేసుకుంటాను. మీకు ఒక్క పైసా నష్టం రానివ్వను," అన్నాడు.

"అది మీరూ మీ బావమరిదీ చూసుకోండి. నాకు కావలసింది వేరే. ఇక్కడ చెప్పింది అక్కడ చెప్పండి, అందరి ముందూ. ఇప్పుడు కాదు. పిల్ల కేకు కోశాక."

పిల్ల కేకు కోసింది. మెల్లకన్ను చేప నాదంటే నాదని పిల్లలు కొట్టుకున్నారు. అందరి చేతుల్లోకీ పళ్ళేలు వచ్చాక రంగులాయన లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు. ఏదో జోకు చెబుతాడని ముందే నవ్వడానికి సిద్ధమైనవాళ్ళున్నారు. ఆయన అన్నీ చెప్పాడు. ఫోను సంగతి, పిట్టగోడ సంగతి, రంగు సంగతి, ఆఖరికి పేరు ఎందుకు పెట్టాడో ఆ సంగతి కూడా. మా చెల్లెమ్మ చెయ్యి తిన్ననిదే, కారే వంకర, నేను అంతకంటే వంకర అని కూర్చున్నాడు.

సర్వీసుకి అన్ని రోజులు పడుతుందా అని నేను అప్పుడే అడిగాను అంది ఆడపడుచు, మొగుడి వంక చూడకుండా. ఆ మాటకి మిగతా సగం ఆయన రాత్రికి వింటాడని అందరికీ అర్థమైంది. అత్తగారు మాత్రం తన పళ్ళెంలోని అలని తీరిగ్గా నోట్లో పెట్టుకుని, మింగి, అప్పుడు అంది.

"ఆడలేక మద్దెల ఓడు అన్నారని విన్నాను గానీ, అల్లుడుగారూ, మద్దెల నిజంగానే ఓడైతే, ఆడినదాన్ని పట్టుకుని ఇన్నేళ్ళు నవ్వడం మన ఇంట్లోనే చూశాను. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాలే."

అని కోడలి చెయ్యి పట్టుకుంది. క్రీము అంటిన చెయ్యి, జిడ్డుగా, వెచ్చగా ఉంది. అంతసేపూ గట్టిగా ఉన్న కేకులావిడకి అప్పుడు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పుట్టినరోజు పిల్ల పక్కకొచ్చి నిలబడి, మరైతే నిన్ను ఇప్పటినుంచి ఏమని పిలవాలని అడిగింది. అత్తా అని పిలువు, సరిపోతుందంది.

*

సోమవారం పొద్దున్న భర్త దుకాణం తెరవకుండా షెడ్డుకొచ్చాడు. పాత కారు అప్పటికే రంగులాయన ఇంటికి చేరింది. ఆయనే వచ్చి తోలుకెళ్ళాడు. రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, ఫోను ఇంట్లో వదిలి మరీ వచ్చాడు.

మేస్త్రి దగ్గర అమ్మకానికి ఒక చిన్న కారుంది. రంగు పెద్ద బాగులేదు, సీట్లు అక్కడక్కడ మాసిపోయాయి. ఆవిడ వాటి జోలికి పోలేదు. ముందు పైకెత్తించమంది. లైటు తనే పట్టుకుని కిందికి దూరి, కుడి దూలం చూసింది, ఎడమ దూలం చూసింది. ఒక కన్ను మూసి, కేకు అంచు చూసినట్టు చూసింది. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. భర్త వెనకాల నిలబడి, ఈసారి కళ్ళు బాగా తెరుచుకునే ఉన్నాడు.

నువ్వు ముందు నడుపు అన్నాడాయన. ఇన్నాళ్ళూ ముట్టుకోని స్టీరింగు. తన చేతులు మళ్ళీ కుడికి పోతాయేమోనని భయంగానే ఉంది. గోదాముల మధ్య రోడ్డు మీద మెల్లగా కదిలించింది. మొదట కుడిచెయ్యి ఏదో జ్ఞాపకం వచ్చినట్టు కొంచెం లాగింది. వద్దని దానికి చెప్పింది. ఆ మాత్రం చెబితే వింది. ఇన్నేళ్ళు వాడకపోవడం మంచిదే అయింది, పాత అలవాటు చాలావరకు చేతిలోంచి పోయింది. కారు తిన్నగా పోయింది. ఆ చివర తిప్పి ఇటు వచ్చింది, ఇటూ తిన్నగానే వచ్చింది. రోడ్డు మధ్య ఎవరో గీసిన పసుపు గీత చక్రానికి ఆ పక్క ఎంత దూరంలో ఉండాలో అంతే దూరంలో ఉంది. ఆవిడ ఇంకోసారి పోయి వచ్చింది. అవసరం లేదు, అయినా పోయి వచ్చింది. వెనక్కి వస్తుంటే గొంతులోంచి ఏదో పాట కూడా వచ్చింది.

దిగి, షెడ్డు నీడన నిలబడి హోటలుకి ఫోను చేసింది. కేకులు రోజూ టీ వేళకి వస్తాయని చెప్పింది. ఎవరు తెస్తారని మేనేజరమ్మ అడిగితే భర్త వంక చూసింది. లైసెన్సు చేతికొచ్చేదాకా మధ్యాహ్నాలు ఒక గంట దుకాణం మూసి నేనే తెస్తానని నిన్న పుట్టినరోజు నుంచి వస్తూ టాక్సీలో అన్నది ఆయనే. ఇప్పుడు మళ్ళీ తల ఊపాడు.

"కొన్నాళ్ళు మా ఆయన తెస్తారు. ఆ తరవాత నేనే తెస్తాను," అని చెప్పి ఫోను పెట్టేసింది. చెప్పాక ఆ మాట ఇంకోసారి మనసులో అనుకుంది. బాగుంది.

అయితే తెచ్చేవాడిని నేను కూడా కాస్త చూసుకోవాలిగా అంటూ ఆయన స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఆవిడ పక్కన కూర్చుంది. మేస్త్రి వెనక ఎక్కాడు. ఆయన దర్జాగా, ఏళ్ళ తరబడి నడిపినవాడి ధీమాతో కారు తీశాడు. పట్టుమని పది బారలు పోయిందో లేదో, చిన్న కారు మెల్లమెల్లగా కుడికి జరగడం మొదలుపెట్టింది. పసుపు గీత దాటింది. అవతల మేస్త్రి పేర్చుకున్న పాత టైర్ల వైపు సాగింది. ఆయన గబగబా ఎడమకి తిప్పాడు. సర్దుకుంది. మళ్ళీ జరిగింది. టైర్లకి జానెడు దూరంలో బ్రేకు పడింది.

వెనక మేస్త్రి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. భర్త చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళజోడు సర్దుకుని, నెమ్మదిగా, తప్పదన్నట్టు పెళ్ళాం వైపు తిరిగాడు.

ఆవిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని, తిన్నగా ముందుకి చూస్తూ అంది.

"పరవాలేదండీ. రోడ్డు వాలు."